పెరటి కోడికి భయం ఉండాలి

కోడిపిల్లలు అమ్మేవాళ్ల ప్రకటనలు ఈ మధ్య వరసగా చూస్తుంటే ఒక మాట అన్నిట్లోనూ తగులుతోంది: "చాలా సాధువు, చిన్నపిల్లలతో కూడా కలిసిపోతుంది." వనరాజాకీ అదే మాట, కడక్‌నాథ్‌కీ అదే మాట, చివరికి అసిల్ క్రాస్‌కీ అదే. కొనేవాళ్లు అడిగేదీ అంతే. పొడవదు కదా? పారిపోదు కదా? పిలిస్తే చేతిలోకి వస్తుంది కదా? సాధుత్వం ఎంత ఎక్కువుంటే అంత మంచి జాతి అన్న లెక్క ఒకటి స్థిరపడిపోయింది. ఈ లెక్క తప్పని నా అభిప్రాయం. పొద్దున్నే గూడు తలుపు తీసి సాయంత్రం దాకా వదిలేసే పెరట్లో, మన చేతికి ఇట్టే దొరికే కోడి కుక్క నోటికీ ఇట్టే దొరుకుతుంది.

ఇక్కడే ఒక తేడా చెప్పుకోవాలి. భయం వేరు, బెదురు వేరు. గద్ద నీడ పడగానే గడ్డివామి కిందికి దూరి, నీడ పోయాక బయటికొచ్చి మళ్లీ గింజ ఏరుకునే కోడికి ఉన్నది భయం. స్టీలు గిన్నె చప్పుడుకి గోడకేసి కొట్టుకుని మెడ విరుచుకునే కోడికి ఉన్నది బెదురు. పెరటికి కావలసింది మొదటిది. ప్రకటనల్లో సాధువు అన్న మాటతో ఈ రెండింటినీ కలిపి తీసిపారేస్తున్నారు.

ఒక్క మాటలో ఇమడని గుణం

స్వభావం అన్నప్పుడు కనీసం నాలుగు సంగతులు విడివిడిగా చూడాలి. మనిషి దగ్గరికొస్తే ఎంత దూరంలో లేచిపోతుంది, తోటి కోళ్లతో ఎంత కయ్యానికి దిగుతుంది, గద్ద, పిల్లి, ముంగిస, కుక్కల విషయంలో ఎంత మెలకువగా ఉంటుంది, పొదుగుకి కూర్చునే బుద్ధి ఎంత ఉంది. వీటిలో ఒకటి చూసి మిగతా మూడూ చెప్పడం కుదరదు.

గుడ్ల ఫారాల్లో ఉండే తెల్లకోడినే తీసుకోండి. దాని మూలం వైట్ లెగ్‌హార్న్. కయ్యం అంతగా ఉండదు, పొదుగు బుద్ధి దాదాపు లేదు, బెదురు మాత్రం చెప్పలేనంత. ఏదైనా గట్టి చప్పుడయితే మంద మొత్తం ఒక మూలకి ఎగబడుతుంది, అడుగున పడ్డవి ఊపిరాడక చస్తాయి. అనపర్తి చుట్టుపక్కల ఫారాల్లాంటి చోట్ల గుడ్లు తగ్గిన కోళ్లను చౌకగా కొని పెరట్లో వదిలేవాళ్లకి మొదటి రాత్రే ఈ అనుభవం ఎదురవుతుంది. ఇనుప గూడులో పెరిగిన కోడికి కర్రెక్కి పడుకోవడం తెలియదు, చీకటి పడగానే మూలకి చేరుతుంది. అందుకే గూడు మూలల్లో వెదురు తడిక వంచి పెట్టి గుండ్రం చెయ్యాలి. మొదటి మూడు నాలుగు రాత్రులు చిన్న బల్బు వెలగనివ్వాలి. దండె, అంటే కోళ్లు ఎక్కి పడుకునే కర్ర, అడుగు ఎత్తుకి మించకుండా కట్టి, చీకటి పడ్డాక ఒక్కోదాన్నీ చేత్తో ఎత్తి దాని మీద కూర్చోబెట్టాలి. వారంలో చాలావరకు దారికొస్తాయి. ఆకాశం మీద చూపు మాత్రం వాటికి వారంలో రాదు.

కడక్‌నాథ్ ఇంకో రకం. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా వైపు భిల్లుల ఇళ్ల దగ్గర పెరిగిన జాతి. 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చాక దాని నల్ల మాంసం గిరాకీ మన జిల్లాల దాకా పాకింది. ఒళ్లు తేలిక, చూపు చురుకు, అవకాశం దొరికితే చెట్టెక్కి పడుకుంటుంది. పెరటికి ఈ గుణాలన్నీ మంచివే. దాన్ని తెచ్చి రేకుల షెడ్డులో కిక్కిరిసి పెంచేటప్పటికి అదే చురుకు బెదురుగా మారుతుంది. ఈకలు పీక్కోవడం, వల మీదికి ఎగిరి దెబ్బలు తగిలించుకోవడం మొదలవుతాయి. పొదుగుకి అంతగా కూర్చోదు కాబట్టి దాని గుడ్లు నాటు పెట్ట కింద పెట్టాలి. అలాంటి కోడిని సాధువని చెప్పి అమ్మితే కొన్నవాళ్లు పిల్లికూనలా చూడబోతారు, అది దొడ్డి దాటి పోతుంది.

జాతికోడి సంగతి

గోదావరి జిల్లాల్లో జాతికోడి అంటే అసిల్. కయ్యంలో దాన్ని మించిన జాతి లేదు. ముక్కుపచ్చలారని పిల్లలు, ఇంకా ఈకలు పూర్తిగా రాకముందే, ముక్కుకి ముక్కు ఆనించి నిలబడతాయి. ఒక్కోసారి తలల మీద నెత్తురు చూసి ఏ పిల్లి కరిచిందో అనుకుంటారు. పని ఆ కోడిపిల్లలదే. రెండు మూడు నెలలు నిండేసరికి పుంజుపిల్లల్ని వేరు చెయ్యకపోతే కళ్లు పోతాయి. పెద్దయ్యాక ఒక్కో పుంజునీ కాలికి మెత్తటి తాడుతో మేకుకి కట్టి, ఒకదానికొకటి అందనంత ఎడంగా పెంచుతారు. రెండింటి మధ్య తడిక అడ్డం ఉండాలి. కనిపిస్తూ అందకపోతే రోజంతా తాడు గుంజి కాలు వాపు తెచ్చుకుంటుంది. పెట్టలు కూడా ఇందుకు తీసిపోవు. కొత్త పెట్టను మందలో కలిపితే నాటుకోళ్లలో రెండు రోజుల్లో తేలే తగాదా వీటిలో వారం నడుస్తుంది.

అదే పుంజుని చంకలో పెట్టుకుని ఊరంతా తిరగొచ్చు. చిన్నపిల్లాడు గింజలు అరచేతిలో పెడితే నెమ్మదిగా ఏరుకుని తింటుంది. గడ్డం కింద నిమిరితే కళ్లు మూస్తుంది. దీనికి కారణం చరిత్రలోనే ఉంది. బరిలో దించేవాడు దాన్ని రెండు చేతులతో పట్టుకోవాలి, మధ్యలో ఎత్తాలి, నీళ్లు కొట్టాలి, దెబ్బ చూసుకోవాలి. యజమాని చెయ్యి పొడిచే పుంజు ఆ పనికి పనికిరాదు, అది కలిసిన పెట్టల గుడ్లు ఎవరూ పొదిగించరు. తరాల తరబడి ఇలా ఏరగా ఏరగా, మనిషి దగ్గర నిదానం, తోటి పుంజు దగ్గర మంట, రెండూ ఒకే ఒంట్లో నిలిచాయి. స్వభావం ఒక్క కొలత మీద పెరిగి తగ్గే వస్తువైతే ఇది జరిగేది కాదు.

పందేలను నేను సమర్థించను. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం, రాష్ట్ర జూద చట్టం రెండూ వాటికి అడ్డే. సంక్రాంతికి ప్రతిసారీ జరిగేది ఏమిటో అందరికీ తెలుసు. నా బాధ ఇంకోటి. పందెం పేరు పడటం వల్ల అసిల్ పెట్ట గొప్పతనం మరుగునపడింది. ఏడాదికి పెట్టే గుడ్లు వందలోపే, కానీ పొదుగుకి కూర్చుందంటే లేవదు. పిల్లలతో ఉన్న అసిల్ పెట్ట కుక్క మూతి మీదికి ఎగురుతుంది. రెండు జాగ్రత్తలు చాలు. బరువైన పెట్ట కాబట్టి గుడ్లు ఎక్కువ పెడితే తొక్కి పగలగొడుతుంది. దాని సైజు గుడ్లయితే ఎనిమిది నుంచి పది దాకా, చాటలో లోతుగా గడ్డి వేసి పెట్టాలి. పక్క పెట్ట పిల్లలు కలిసి తిరిగితే పొడిచి చంపుతుంది, మొదటి మూడు వారాలు దాన్ని విడిగా ఉంచాలి. ఉత్తరప్రదేశ్ ఇజ్జత్‌నగర్‌లోని కేంద్ర పక్షి పరిశోధన సంస్థ అసిల్‌తో కలిపి తీసిన పెరటి కోడికి 'నిర్భీక్' అని పేరు పెట్టింది. నిర్భీక్ అంటే భయం లేనిది. పేరు అలా ఉన్నా, దాని గురించి వాళ్లు చెప్పే గొప్ప ఏమిటంటే చురుకుతనం, కయ్యపు గుణం వల్ల వేటజంతువుల నుంచి తనను తాను కాపాడుకోగలదని.

ఆరు వారాలకి ఆకాశం చూసిన పిల్ల

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ నుంచి వచ్చిన వనరాజా, గ్రామప్రియ రెండూ పెరటి కోసమే తయారైన రకాలు. రంగు ఈకలు, రోగాన్ని తట్టుకునే ఒళ్లు, పరిగెత్తడానికి పొడుగు కాళ్లు, అన్నీ ఆలోచించి తీశారు. వనరాజా ఏడాదికి వంద, నూటపది గుడ్లు, గ్రామప్రియ 160 నుంచి 180 దాకా పెడతాయని లెక్క. ఊళ్లో ఆడవాళ్ల చేతికి డబ్బు రావడానికి ఈ కోళ్లు ఎంత సాయపడ్డాయో చూస్తూ వాటిని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. ఇరవై పిల్లల్ని వదిలితే నెల తిరిగేసరికి పది మిగిలే ఇళ్లు మాత్రం ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. పక్కింటి నాటు పెట్ట తన పది పిల్లల్లో ఏడింటిని దక్కించుకుంటుంది. "సర్కారు కోడికి తెలివి లేదు" అనే మాట అక్కడే పుడుతుంది.

గద్ద కనబడగానే నాటు పుంజు సన్నగా, సాగదీసి ఒక్క కూత పెడుతుంది. పెట్ట ఒళ్లు నేలకి ఆనించి తల ఓరగా తిప్పి ఒంటికన్నుతో పైకి చూస్తుంది. పిల్లలు ఎక్కడివక్కడ నక్కుతాయి. కుక్కో పిల్లో నేల మీద వస్తే కూత మారుతుంది, తెంపులు తెంపులుగా కొక్ కొక్ కొక్ అని, చివర గట్టిగా అరిచి ఎగురుతాయి. పైనుంచి వచ్చేదానికి ఒక కూత, నేల మీద వచ్చేదానికి ఇంకో కూత. వినే కోడికి ఏం చెయ్యాలో కూతలోనే తెలుస్తుంది. కొత్తగా వదిలిన వనరాజా గుంపుని గమనించండి. పుంజు కూసినా సగం తల ఎత్తవు. మిగతా సగం ఆరుబయటే నిలబడి చూస్తాయి.

ఇది జాతి లోపమా, పెంపకం లోపమా? నా వాదంలో నాకే అనుమానం ఉన్న చోటు ఇది. ఆ పిల్ల హేచరీలో పుట్టింది, బల్బు కింద పెరిగింది. మొదటి వారం 95 డిగ్రీల ఫారన్‌హీట్ వేడి, ఆపైన వారానికి ఐదు డిగ్రీలు తగ్గిస్తూ, ఆరు వారాలు నర్సరీ. ఆరో వారం చివర మొదటిసారి ఆకాశం చూస్తుంది. ఆ వయసుకి నాటు పిల్ల తల్లి రెక్క కింద నుంచి నలభై రోజుల పాఠం చదివేసింది. అప్పుడు తెలివి లేనిది కోడికా, పెంచిన పద్ధతికా?

రెండింటికీ వాటా ఉందనే అనుకుంటాను. స్వీడన్‌లోని లింకోపింగ్ విశ్వవిద్యాలయంలో ఎర్ర అడవికోళ్లలో మనిషంటే బెదురు తక్కువున్నవాటిని, ఎక్కువున్నవాటిని వేరు చేసి కొన్ని తరాలు పెంచారు. బెదురు తక్కువ వైపు కోళ్లు ఒళ్లు బరువెక్కాయి. బరువు కోసం ఎవరూ ఏరలేదు, నిదానంతోపాటు అదే వచ్చింది. అంటే బరువు, నిదానం ఒక జంటగా నడిచే వీలుంది. మాంసం కోసం కూడా ఏరిన వనరాజా లాంటి రకంలో నిదానం కూడా వచ్చి చేరడంలో వింత లేదు. గ్రామప్రియకు తల్లివైపు వైట్ లెగ్‌హార్న్ రక్తం ఉంది, ఒళ్లు కూడా తేలిక. ఒకే పెరట్లో ఒకే పెంపకంలో వనరాజా కంటే అదే ఎక్కువ మిగలడం మామూలుగా కనబడేదే.

పెంపకం వాటా మన చేతిలో ఉంది. దారి చాలా పాతది, పిల్లల్ని నాటు పెట్టకి అప్పగించడం. పొదుగుకి కూర్చుని దాదాపు మూడు వారాలైన పెట్ట కావాలి. నాలుగు రోజుల క్రితం కూర్చున్న పెట్ట పిల్లల్ని పొడుస్తుంది. పిల్లలు ఒకటి రెండు రోజులవే అయి ఉండాలి. మూడు నాలుగు రోజులు దాటితే బల్బునే తల్లి అనుకోవడానికి అలవాటుపడతాయి, పెట్ట పిలిచినా వెళ్లవు. బాగా చీకటి పడ్డాక, దీపం లేకుండా, గుడ్లు ఒక్కొక్కటే తీస్తూ ఒక్కో పిల్లను వెనకనుంచి రెక్క కిందికి తొయ్యాలి. పది పన్నెండుకి మించకూడదు, రెక్కల కింద పట్టనివి చలికి పోతాయి. తెల్లారకముందే వెళ్లి చూడాలి. పెట్ట గొణుగుతూ పిల్లల్ని కిందికి లాక్కుంటే పని అయినట్టే. ముక్కుతో తల మీద పొడుస్తుంటే వెంటనే తీసెయ్యాలి. మొదటి నాలుగు రోజులు తల్లినీ పిల్లల్నీ గంప కింద మూసి, నూకలూ నీళ్లూ లోపలే పెట్టాలి.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు టీకాలు మరిచిపోవడం. తల్లి దగ్గరుంది కదా అని వదిలేస్తే కొక్కెర రోగానికి (రాణిఖేత్) మొత్తం మంద తుడిచిపెట్టుకుపోతుంది. మారెక్స్ అనే ఇంకో రోగానికి టీకా హేచరీలోనే మొదటి రోజు వేయించుకోవాలి. ఏడో రోజు కొక్కెర రోగానికి లసోటా టీకా, కంట్లో చుక్క. దానికి పిల్లల్ని పగలు వెంబడించొద్దు, రాత్రి గంప ఎత్తి ఒక్కొక్కదాన్నే తియ్యాలి. ఎనిమిది వారాలు దాటాక అదే రోగానికి ఆర్2బి సూదిమందు.

పొదుగుకి పెట్ట దొరక్క నర్సరీలోనే పెంచాల్సి వస్తే, వదిలేటప్పుడు పెద్ద నాటు పెట్టనో పుంజునో తోడివ్వండి. మొదటి వారం చీకటి పడటానికి రెండు గంటల ముందు మాత్రమే తలుపు తియ్యండి. ఆకలితో ఉంటాయి కాబట్టి డబ్బా మీద చప్పుడు చేసి నూకలు చల్లితే వెనక్కి వస్తాయి. పది పదిహేను అడుగులకొక చాటు ఉండాలి. గోడకి ఏటవాలుగా ఆనించిన తడిక, బోర్లించిన పాత మంచం, గుబురుగా పెరిగిన గోరింట, ఏదైనా పరవాలేదు. దూరే చోటు లేనిచోట భయం ఉన్న కోడి కూడా దక్కదు.

పొడుపంతా పొగరు కాదు

పొడుచుకునే కోళ్లన్నిటినీ చెడ్డ స్వభావం కింద జమకట్టడం ఇంకో తప్పు. కోళ్లలో పెద్దరికం వరస ఉంటుందని నార్వేకి చెందిన షెల్డెరప్-ఎబ్బె 1920ల మొదట్లోనే రాశాడు. తల మీద పొడిస్తే అది పెద్దరికం. తోక దగ్గరా వీపు మీదా ఈకలు పీకి తింటుంటే అది ఆకలి. నూకలూ తవుడూ మాత్రమే పెట్టే ఇంట్లో మాంసకృత్తులు చాలవు. పుట్ట తవ్వి తెచ్చిన చెదలు, ఎండు చేపల పొడి, నీళ్ల మీద పెరిగే అజొల్లా మేత ఇచ్చి చూడండి. వేరుశనగ చెక్క కూడా మంచిదే గానీ బూజు పట్టినది వేస్తే కాలేయం దెబ్బతింటుంది. దాణాలో ఉప్పు బొత్తిగా లేకపోయినా ఈకలు పీక్కుంటాయి. రాత్రి గూట్లో కోడికి ఒక చదరపు అడుగు, దండె మీద ఎనిమిది నుంచి పది అంగుళాలు, నాలుగైదు పెట్టలకి ఒక గుడ్ల గంప, ఎనిమిది పది పెట్టలకి ఒక్క పుంజు. ఈ లెక్క తప్పితే ఏ జాతయినా రౌడీ అవుతుంది. నెత్తురు కనబడిన కోడిని ఆ క్షణమే వేరు చేసి పసుపూ వేపనూనే రాయాలి. ఎరుపు చూస్తే మిగతావి ఆగవు.

అలాగని జాతికి పాత్ర లేదనలేం. 1990ల్లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో విలియం మ్యూర్ గుడ్ల కోళ్లను ఏరేటప్పుడు ఒక్కో కోడినీ చూడలేదు, గూడు మొత్తాన్నీ ఒక కుటుంబంగా లెక్కించాడు. కలిసి ఎక్కువ గుడ్లు పెట్టి, కలిసి బతికిన గూళ్ల నుంచే తర్వాతి తరం తీశాడు. ముక్కులు కత్తిరించని ఆ కోళ్లలో రెండో తరంలో ఏడాదికి 68 శాతం ఉన్న చావులు నాలుగో తరానికి 9 శాతం లోపుకి పడిపోయాయి. మనకి దీని నుంచి తీసుకోదగ్గది ఉంది. పెరట్లో అన్నిటికంటే బొద్దుగా ఉన్న పెట్ట గుడ్లే పొదిగిస్తాం కదా, ఆ పెట్ట మిగతావాటి తిండి లాక్కుని బొద్దుగా అయి ఉండొచ్చు. ఒక వారం గింజలు చల్లేటప్పుడు ఎవరు ఎవర్ని తరుముతున్నారో చూసి అప్పుడు గుడ్లు ఏరండి. ఈకల రంగు ఇందులో పనికిరాదు. రంగుని బట్టి కాకి, డేగ, నెమలి, సేతువ అని పేర్లు పెట్టి, కుక్కుట శాస్త్రం (పందెం కోళ్ల జ్యోతిషం) లెక్కలు చెప్పేవాళ్లుంటారు. పెరటి స్వభావానికి ఆ లెక్కలతో నాకు సంబంధం కనబడలేదు.

మనిషి మీదికి వచ్చే పుంజు

"ఈ జాతి పుంజులు మనిషిని పొడుస్తాయట" అనే ఫిర్యాదు వెనక చాలాసార్లు చేత్తో పెంచిన పుంజు ఉంటుంది. ఒంటరిగా, తోటి పిల్లలు లేకుండా, ఒళ్లో కూర్చోబెట్టుకుని పెంచితే మనిషంటే జంకు పోతుంది. పోయిన జంకు స్థానంలో, ఈడు వచ్చాక, మనిషి ఇంకో పుంజులా కనబడతాడు. ప్రకటనల వాళ్లు మెచ్చే సాధుత్వం ఆఖరుకి ఇక్కడికి చేరే వీలుంది. మీదికి వస్తే తన్నొద్దు, అది కయ్యానికి జవాబు ఇచ్చినట్టవుతుంది. పారిపోనూ వద్దు. వంగి రెక్కలు కదలకుండా ఒళ్లు అదిమి, తల వంచే దాకా పట్టుకుని వదలండి. రెండు వారాల్లో మారకపోతే, ఇంట్లో నడక నేర్చే పిల్లలుంటే, ఉంచొద్దు. కాటు పసివాడి కంటి ఎత్తుకే వస్తుంది. అది కలిసిన పెట్టల గుడ్లు కూడా పొదిగించొద్దు.

కొనేటప్పుడు బెదురు తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. కోడిని వెల్లకిలా పడుకోబెట్టి రొమ్ము మీద చెయ్యి తేలిగ్గా ఆనించి పదిహేను సెకన్లు ఆగి తీసెయ్యాలి. కొన్ని వెంటనే లేస్తాయి, కొన్ని నిమిషాల తరబడి కట్టెలా ఉంటాయి. ఎక్కువసేపు పడుకున్నది సాధువని మురిసిపోతారు. నిజానికి ఎక్కువ బెదిరిందే ఎక్కువసేపు పడుకుంటుంది. ఒక గుంపులో ఐదారింటిని చూసి, మరీ వెంటనే లేచేవీ మరీ ఆలస్యంగా లేచేవీ వదిలి మధ్యరకం తీసుకోవడం నాకు నచ్చిన పద్ధతి.

సాధుకోడి కావలసిన చోటు

నా మాట అన్ని చోట్లా చెల్లదు. హైదరాబాదులో మేడ మీద వల కట్టి నాలుగు పెట్టలు పెంచుకునేవాళ్లకి గద్ద బాధ లేదు, పక్కింటివాళ్ల నిద్రే పెద్ద సమస్య. అక్కడ బ్లాక్ ఆస్ట్రలార్ప్ లాంటి నిదానమైన పెట్ట మంచిది. అమెరికాలో స్థిరపడిన మనవాళ్లు చాలా ఊళ్లలో పుంజు పెంచకూడదన్న నిబంధన మధ్య చుట్టూ కంచె, పైన వల వేసి బఫ్ ఆర్పింగ్టన్, సిల్కీ పెంచుతున్నారు. అక్కడ సాధుత్వమే సరైన కొలత. అక్కడా ఒక చిక్కుంది. సిల్కీకి నెత్తి మీద ఈకల కుచ్చు కళ్లకి అడ్డం పడుతుంది, ఈకలు పొరలుగా అతుక్కోవు కాబట్టి ఎగరలేదు, వానకి తడిసి ముద్దవుతుంది. రోడ్ ఐలాండ్ రెడ్ లాంటి చొరవ గల పెట్టల్లో ఒక్కదాన్ని వేస్తే నీళ్ల దగ్గరికి కూడా రానివ్వవు. సిల్కీలను సిల్కీలతోనే ఉంచాలి, లేదా కుచ్చు కత్తిరించాలి.

ఊళ్లో తలుపు తీసి వదిలే పెరటికి నన్నడిగితే, పది కోళ్ల మందలో రెండు పొదిగే నాటు పెట్టలు, మెలకువ గల ఒక నాటు పుంజు, వాటి కింద పెరిగిన ఏడు గ్రామప్రియలు. అసిల్ పెట్ట ఇష్టమైతే విడిగా ఒక గంప. వనరాజా మాంసానికి కావాలంటే పుంజుపిల్లల్ని ఐదారు నెలల్లో అమ్మేసేలా చూసుకోండి. ఈ మందలో ఏ కోడీ పిలవగానే చేతిలోకి రాదు. పట్టుకోవాల్సి వస్తే చీకటి పడ్డాక దండె మీద నుంచి తియ్యండి.